ఇంటి కింద బీరు

ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం స్టూడియోలో మాకు వాలెట్టా ఇచ్చారు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి, దాని పాత రేవు పట్నం వాలెట్టా. అక్కడి ఒక ఇంటిని పైకప్పు నుంచి పునాది దాకా నిలువునా కోసినట్టు గీసి, లోపల మనుషులు ఎట్లా బతికారో చూపించాలి. సెలవుల్లో క్లాసంతా వెళ్ళి చూసొచ్చింది. నా వీసా రాలేదు. వాళ్ళు పంపిన ఫొటోల్ని జూమ్ చేసుకుంటూ, చదువుకోడానికొచ్చిన ఈ పరాయి దేశంలో, టార్నీట్ అనే శివారులో ఆంటీ వాళ్ళింట్లో నేనుండే గదిలో కూర్చుని, వచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నాను. "వెళ్ళకపోతే ఏం, ఊహించు," అన్నాడు ట్యూటర్. ఈ సబ్జెక్టు పోతే ఏడాది మళ్ళీ చదవాలి. ఊహించాలట, నా మొహం.

లైబ్రరీలో పుస్తకాలకేం కొదవలేదు. తుర్కుల ముట్టడిని తట్టుకున్న యోధులు రాతిగుట్ట మీద కట్టుకున్న ఊరు. సముద్రపు గాలి ఆడేలా తిన్నని వీధులు, గుట్ట దిగేచోట మెట్లు, గోడల్లోంచి ముందుకొచ్చిన చెక్క బాల్కనీలు. కోటల గురించి పేజీలకు పేజీలు రాశారు గానీ ఆ ఇళ్ళల్లో అంట్లు ఎక్కడ తోమారో ఒక్కడూ రాయలేదు.

మా తెలుగు ప్రార్థన జరిగే చర్చిలోనే మాకంటే ముందు మాల్టా వాళ్ళ పూజ అయ్యేది. అక్కడ ఒక ముసలావిడ దొరికింది. పుట్టింది వాలెట్టాలోనే. చిన్నప్పుడే ఇక్కడికొచ్చేసింది. నా ప్రాణం లేచొచ్చింది. కానీ నేను అక్కడి ఇంటి గురించి అడిగితే ఆవిడ ఇక్కడి తన ఇంటి డబుల్ గరాజ్ గురించి చెప్పేది. మూడు ఆదివారాలు టీలు తాగి తాగి విసుగెత్తాక ఒక్క ముక్క రాలింది.

"ఇంటి కింద బీర్ ఉండేది. అందరిళ్ళకీ ఉండేది. చిన్నదాన్నని నన్నే దింపేవాళ్ళు."

"చర్చికొచ్చే పెద్దావిడ ఇంటి కింద బీరేంటమ్మా?" అని మా ఆంటీ బుగ్గలు నొక్కుకుంది. యోధులు కదా ఆంటీ, తాగి ఉంటారు అన్నాను. నేలమాళిగలో వరసగా పీపాలు గీశాను. ఒక్కో చెక్కకీ నీడలు కూడా వేశాను.

రివ్యూ రోజు బయటినుంచి వచ్చిన ఒకాయన నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"పీపాలు బాగున్నాయి. ఆ గుట్ట మీద ఏరు లేదు, ఊట లేదు. మరి వీళ్ళు నీళ్ళెక్కడివి తాగారు?"

ఆయనే చెప్పాడు. ప్రతి ఇంటికిందా రాయి తొలిచి వాననీళ్ళ తొట్టి కట్టుకోవాలని అక్కడ చట్టమట. మాల్టా భాషలో దాన్ని బీర్ అంటారట. క్లాసంతా పగలబడి నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అది సంపు! నీళ్ళ ట్యాంకరు కోసం కాచుకునే మా మార్కాపురంలో, సంపు మూత మీద కూర్చుని ఇంటర్ దాకా చదివిన మనిషిని, సంపు ఉండాల్సిన చోట బీరు పీపాలు గీశాను.

నన్ను ఫెయిల్ చేసే ముందు ఇంకో ప్రశ్న వేద్దామనుకున్నాడో ఏమో, ట్యూటర్ అడిగాడు. "ఆ తొట్టి మూతి చాలా ఇరుకు. లోపల శుభ్రం ఎట్లా చేసేవాళ్ళంటావు?"

"ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని దింపుతారు. నడుముకి తాడు కడతారు. చేతికి చీపురూ బకెట్టూ ఇస్తారు."

"ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదు. మా ఇంట్లో దిగింది నేనే."

పీపాలు చెరిపేసి అక్కడే, వాళ్ళముందే గీశాను. ఇరుకు మూతి, కింద వెడల్పు, అడుగున బురద, అందులో ఒక పిల్ల. అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ట్యూటర్ నా షీటు మీద రాసింది ఒక్కటే వాక్యం: ఊహాశక్తి బాగుంది.

ఊహాశక్తట.

ఆ ఆదివారం ముసలావిడకి జరిగిందంతా చెప్పాను. బీరు దగ్గర నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది.

"నువ్వు లోపలుండగా మూత వేశారా?"

"మా అన్నయ్య వేశాడు."

"మా అన్న కూడా," అంది, ఎనభై ఏళ్ళొచ్చినా చల్లారని కోపంతో.