క్షిపణులు బిగించిన సారు

మా సారు పోయారన్న వార్త చెప్పింది మా బిల్డింగులో కింది వాటాలో ఉండే పాకిస్తానీ ఎలక్ట్రీషియన్. శుక్రవారం పొద్దున తలుపు కొట్టి, "సార్ సాబ్ నహీ రహే" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నేను తల ఊపి లోపలికి వచ్చి, నానబెట్టిన బియ్యం పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికింది. దించి మూత పెట్టి, దాని ముందే కూర్చున్నాను.

సౌదీలో అల్ ఖోబర్ దగ్గర ఒకే ఇండియన్ స్కూల్లో పనిచేశాం. నేను తెలుగు, ఆయన ఫిజిక్స్. అంతకుముందు ఆయన మన వైమానిక దళంలో యుద్ధ విమానాలకు బాంబులు, క్షిపణులు బిగించే విభాగంలో చేసి రిటైరయ్యారు. కరీంనగర్ మనిషి. సాయంత్రం టీ తాగుతూ చైనా యుద్ధ విమానాల గురించి చదవడం ఆయన అలవాటు. పక్కన కూర్చున్నందుకు నాకూ కొంత వంటబట్టింది.

"చైనోళ్లు మొదట్ల రష్యా నుంచి సుఖోయ్‌లు కొన్నరు. వాటికి రష్యా క్షిపణులే పనిచేస్తుండె" అనేవారు. "రెక్క కింద తగిలిస్తే అయిపాయె అనుకుంటరు. అట్ల గాదు. విమానంల కంప్యూటర్ ఆ క్షిపణిని గుర్తు పట్టాలె. రాడార్ చూసింది దానికి చెప్పాలె. అందుకే వాళ్లు అవన్నీ సొంతంగ చేసుకున్నరు. ఇప్పుడు జె-16 చూడు. గాలిల కొట్లాడుతది, నేల మీద బాంబులేస్తది, ఓడల మీదికి పోతది."

"అన్నీ ఒక్కటే చేస్తుందన్నమాట."

"చేస్తది. ఒక్కసారే అన్నీ గాదు తెలుగు సారూ! బరువు పెరిగితే దూరం తగ్గుతది. ఏ పనికి పోతున్నదో చూసి బిగియ్యాలె."

చెబుతూ ఒక చెయ్యి రెక్కలా చాచి, దాని కింద టీ గ్లాసు పట్టేవారు. టీ ఒలికి ప్యాంటు మీద పడేది.

ఆయన పోవడానికి కొన్ని నెలల ముందు, ఇండియా పాకిస్తాన్ సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన వారం అది. మెస్‌లో అందరం తింటున్నాం. ఎలక్ట్రీషియన్‌ది, జగిత్యాల నుంచి వచ్చిన ఏసీ మెకానిక్‌ది ఒకే కంపెనీ, రోజూ ఒకే వ్యాన్‌లో పనికి పోతారు. చైనా నుంచి కొన్న మా జె-10 ముందు మీ విమానాలు నిలవవని ఎలక్ట్రీషియన్ అన్నాడు. చైనా మాల్, రెండ్రోజులకు ఖరాబైతదని మెకానిక్ అన్నాడు. కాలర్లు పట్టుకున్నారు. పోలీసులు వస్తే ఇద్దరికీ ఎగ్జిటే, ఉద్యోగం పోయి దేశం వదలాల్సిందే.

సారు చెయ్యి కడుక్కోకుండానే లేచి మధ్యలో నిలబడ్డారు.

"చైనా మాల్ అని నవ్వకు బిడ్డా. ఆ రాడార్ మంచిది, క్షిపణి దూరం కొడతది" అని మెకానిక్‌తో అన్నారు. ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి, విమానం ఒక్కటే గెలవదని, వెనక ఎన్నో కలిసిరావాలని, టీవీలో చెప్పే వాటిలో ఏది నిజమో తనకే తెలియదని ఉర్దూలో చెప్పారు. తర్వాత, ఇంటివాళ్లతో మాట్లాడారా అని ఇద్దర్నీ అడిగారు: "ఘర్ పే బాత్ హుయీ?"

ఇద్దరూ కాలర్లు వదిలేశారు. ఎలక్ట్రీషియన్ తల్లి సరిహద్దుకు అటు సియాల్‌కోట్‌లో, మెకానిక్ అన్న ఇటు జమ్మూలో సైన్యంలో. రెండు ఫోన్లూ కలవడం లేదు.

సారు కుర్చీలో కూలబడ్డారు. "నేను గట్టిగ బిగిస్తుంటి. బిగించినంక, పోయింది పోయినట్టే, పేలకుంట తిరిగి రావాలె అని మొక్కుకుంటుంటి" అన్నారు తెలుగులో. మెకానిక్ ఆ మాటను ఎలక్ట్రీషియన్‌కు హిందీలో చెప్పాడు. మెస్ మూసేదాకా ముగ్గురూ కూర్చుని ఆ రెండు నంబర్లకే ఫోన్ చేశారు. ముందు జమ్మూ కలిసింది. మర్నాడు సియాల్‌కోట్. ఆ రోజు ఆయన పక్కన ఉన్నందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

సౌదీలో సెలవు శుక్ర, శనివారాలే. సారు పోయాక వచ్చిన ఆదివారం స్కూల్లో ఆయన పీరియడ్ నాకిచ్చారు. పిల్లలు ఊరికే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. బెల్ మోగింది.

సారును ఊరికి పంపే శవపేటికను దమ్మామ్ విమానాశ్రయం కార్గోలో అప్పగించి, ఎలక్ట్రీషియన్ కారులో తిరిగి వచ్చాం. ఆ కారులో ఎక్కడికి వెళ్లినా ముందు సీట్లో సారే కూర్చునేవారు. నేను, మెకానిక్ ఒకరికొకరు చెప్పుకోకుండానే వెనక ఎక్కాం. నేనేం టాక్సీ వాడినా అని మామూలుగా అయితే అరిచేవాడు ఎలక్ట్రీషియన్. ఆ రోజు పక్కకు వంగి, ఖాళీగా ఉన్న ఆ సీటుకు బెల్టు పెట్టి, బండి తీశాడు.