నూట పదిహేడో దీపం

మొన్న మనవడు ఫోనులో పాత దయ్యం సినిమా పెట్టుకుని పడీపడీ నవ్వుతుంటే, ఏమిటా అని తొంగిచూసి, దారానికి ఊగుతున్న ఆ లాంతరునూ, దయ్యం కాళ్లకున్న హవాయి చెప్పులనూ గుర్తుపట్టి, చేతిలోని పేపరు పక్కన పెట్టేశాను.

డెబ్బైల మొదట్లో డిప్లొమా అయ్యీ కాకముందే గోదావరిఖనిలో ఒక గని మీద దీపాల గదిలో చేరాను. లోపలికి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను మేకుకు తగిలించి తలదీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల పట్టుకుపోవాలి. బిళ్ల మిగిలిందంటే మనిషి లోపలే ఉన్నట్టు. పట్టికలంటే ప్రాణం నాకు. నా రిజిస్టరులో కొట్టివేత ఒక్కటీ ఉండదని ఆఫీసులో చెప్పుకునేవారు.

ఒక రోజు మొదటి షిఫ్టు పైకి వచ్చేశాక నూట పదిహేడో బిళ్ల మిగిలింది. దీపం ఇచ్చేసి బిళ్ల మరచిపోవడం మనవాళ్లకు మామూలే. లేచి అలమరలో దీపం ఉందో లేదో చూడడం క్షణం పని. టూరింగ్ టాకీసులో మ్యాట్నీ మొదలైపోతుందని, చూడకుండానే 'అందింది' అని రాసి సైకిలెక్కాను.

చవకబారు సినిమా. స్నేహితుణ్ణి పాడుబావిలో వదిలేసి, వాడు ఇంటికి పోయాడని ఊరికి చెప్పినవాడి గుమ్మం ముందు, ఆ చచ్చినవాడు లాంతరు పట్టుకుని నిలబడతాడు. "అరె, దయ్యం హవాయి చెప్పులేసుకున్నదిరో!" అని వెనక ఎవరో అరిస్తే అందరితోపాటు నేనూ నవ్వాను గానీ, లాంతరు వెలుగు మావైపు తిరిగేసరికి, నేను చూడని దీపం గుర్తొచ్చి సగంలోనే లేచి సైకిలెక్కాను.

ఉరికి వచ్చి చూస్తే అలమరలో ఆ దీపం చోటు ఖాళీ. మనుషుల్ని దింపి వెతికిస్తే, మరచిన తట్ట కోసం వెనక్కి వెళ్లిన బొగ్గు నింపే మనిషి, పక్కగోడ కూలి, ఒంటరిగా పడి ఉన్నాడు. ప్రాణం దక్కింది, కాలు పోయింది. కాస్త ముందు తెస్తే కాలు నిలిచేదని దవాఖానలో అన్నారు. ఎవరూ చూడకముందే రిజిస్టరులో ఆ కాగితం చింపి, కొత్తది శుభ్రంగా రాసిపెట్టాను. బిళ్లను బట్టి మనిషిని కాపాడానని నన్ను మెచ్చుకున్నారు. అతని భార్య ఆ ఏటి నుంచీ చేనులో తొలి మక్కకంకులు మా ఇంటికే తెచ్చేది.

రిటైరైన రోజు అతని ఇంటికి వెళ్లి అంతా చెప్పేశాను. చంక కర్ర పక్కన పెట్టి నవ్వాడు.

"నాకెర్కే సారు. సినిమాల నుంచి ఉరికొచ్చినవని టాకీసుల ఉన్న మా బామ్మర్ది గప్పుడే చెప్పిండు. నేనైతే సగం సినిమా ఇడ్శి వచ్చెటోన్ని కాదు! మా ఇంటిదానికైతే చెప్పకు, కంకులు బందు వెడ్తది."

చెప్పలేదు. కంకులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. బిళ్లలూ మేకులూ పోయాయి, టాకీసు చోట ఇళ్లు లేచాయి, ఆనాడు సగంలో లేచిపోయిన సినిమా మాత్రం ఇన్నేళ్లకు మా ఇంట్లోనే పూర్తయింది.

"లాస్టుకు దయ్యం వాణ్ణి మాఫ్ చేసింది తాతా" అన్నాడు మనవడు.

బావిలో ఉన్నవాణ్ణి ఎవరైనా బయటికి తీశారా అని అడగబోయి, పక్కన పెట్టిన పేపరు అందుకున్నాను.