ముందడుగు బాబాయ్ రివర్స్ గేరు

ముందడుగు బాబాయ్ ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు గానీ, ఒక్క అడుగు కూడా వెనక్కి నడపలేదు. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వెళ్ళాల్సిన గోడౌను గేటు పది గజాలు దాటిపోయిందనుకోండి, లోకంలో ఎవరైనా ఏం చేస్తారు? రివర్స్ గేరు వేసి వెనక్కి వస్తారు. బాబాయ్ మాత్రం అలాగే ముందుకు పోయి, వంతెన దాటి, పక్క ఊరు చుట్టి, రైలు గేటు దగ్గర టీ తాగి, నలభై కిలోమీటర్ల తర్వాత మళ్ళీ అదే గేటు ముందుకు వచ్చేవాడు. మాటల్లో పడి రెండోసారి కూడా దాటిపోతే, రెండోసారీ అంతే. ఆ టీకొట్టు ఆయన మీదే బతుకుతోందని డిపోలో చెప్పుకునేవారు.

"మరి కంపెనీవాడు రివర్స్ గేరు ఎందుకు పెట్టాడంటావ్ బాబాయ్?" అని ఎవరైనా అడిగితే, "ఇనుము మిగిలిపోయి ఉంటుందిరా" అనేవాడు.

లారీ దిగినా అదే తంతు. పొద్దున్నే టోపీ మరిచిపోయి బయల్దేరితే, ఆయన భార్య వాకిట్లో నిలబడి దాన్ని ఊపేది. నాలుగడుగులు వెనక్కి వేస్తే పోయేది కదా. వెయ్యడు. వీధి చివరిదాకా వెళ్ళి, సందు తిరిగి, చాకిరేవు పక్కనుంచి వచ్చి, పెరటి తలుపులోంచి ఇంట్లోకి దూరి, టోపీ పెట్టుకుని మళ్ళీ వీధి తలుపులోంచి బయటికి పోయేవాడు. "ఈయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తే ఏ తలుపులోంచి తిరిగొస్తాడో ఇప్పటికీ తెలీదు" అని పిన్ని నిట్టూర్చేది.

అలాంటి మనిషి చేతికి టైలరమ్మను అప్పగించారు.

టైలరమ్మకి ముప్పై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళు ఒక బట్టల ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుని చొక్కాలకి కాలర్లు కుట్టింది. రోజూ సాయంత్రం ఆ చొక్కాలు లారీ ఎక్కి వెళ్ళిపోయేవి. ఎక్కడికి వెళ్తాయో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక, తోటివాళ్ళు వేరే మిషన్లు వెతుక్కుంటుంటే, ఆమె వెళ్ళి పెద్ద బండి లైసెన్సు తెచ్చుకుంది. "కాలర్లు కుట్టీ కుట్టీ మెడ వంగిపోయిందమ్మా, కొన్నాళ్ళు తలెత్తి దూరంగా చూడాలనుంది" అని వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు సీటు మీదికి మెత్తటి దిండు కుట్టి ఇచ్చింది.

ముందుకు నడపడంలో టైలరమ్మకి ఢోకా లేదు. గీత గీసినట్టు నడిపేది. వెనక్కి అంటేనే ప్రాణం పోయేది. మొదటి రోజు డిపోలో లారీని వెనక్కి తీసి సరుకు ఎక్కించే ఏడో నంబరు అరుగుకి ఆనించమన్నారు. చుట్టూ పన్నెండు మంది డ్రైవర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె చేతులు వణికాయి. లారీ ఏడో నంబరు వదిలేసి, ఎనిమిదో నంబరు వదిలేసి, తిన్నగా వెళ్ళి స్నానాల గది గోడని కూల్చింది. లోపల ఫోర్‌మన్ గడ్డం గీసుకుంటున్నాడు.

దుమ్ము తగ్గాక ఫోర్‌మన్ సగం నురగతో, సగం గడ్డంతో, చేతిలో అద్దం ముక్కతో నిలబడి ఉన్నాడు. "తలుపు తట్టి రావాలమ్మా" అన్నాడు.

టైలరమ్మకి భూమి చీలి అందులో దూరిపోతే బాగుండుననిపించింది.

"మూడు నెలలు టైమిస్తాను. ఆఖరి రోజు ఏడో నంబరుకి ఒక్క దెబ్బలో ఆనించాలి. లేదంటే మిషను దగ్గరికి వెళ్ళిపో. అంతవరకూ ముందడుగు బాబాయ్ దగ్గర నేర్చుకో."

డిపో అంతా గొల్లున నవ్వింది. ఈత రానివాణ్ణి పిలిచి ఈత నేర్పమన్నట్టుంది. ఫోర్‌మన్ తన మీద పగ తీర్చుకుంటున్నాడని టైలరమ్మకి ఖాయంగా తెలిసిపోయింది.

మొదటి ప్రయాణంలోనే సిమెంటు గోడౌను గేటు దాటిపోయింది. స్టీరింగు బాబాయ్ చేతిలో ఉంది.

"బాబాయ్, గేటు వెనకుండిపోయింది."

"చూశానమ్మా. గేటు ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది. మనమే వద్దాం."

నలభై కిలోమీటర్లు తిరిగొచ్చారు. బాబాయ్ ఏదో కథ చెబుతున్నాడు. గేటు మళ్ళీ దాటిపోయింది. గోడౌను గుమాస్తా రోడ్డు మీదికొచ్చి రెండు చేతులూ ఊపాడు. బాబాయ్ కూడా మర్యాదగా చెయ్యి ఊపి ముందుకు పోయాడు. మూడోసారీ దాటేసరికి టైలరమ్మ ఓపిక తెగింది.

"బాబాయ్, ఆపండి. దిగండి. నేనే వెనక్కి తీస్తాను."

"నీకొచ్చా?"

"రాదు. కానీ నాకింక టీ వద్దు."

బాబాయ్ దిగి, లారీ వెనక నిలబడి, టోపీతో మొహం కప్పుకున్నాడు. ఐదు గజాలు వెనక్కి రావడానికి టైలరమ్మకి పావుగంట పట్టింది. గేటు స్తంభం కొంచెం గీసుకుంది, అంతే. టోపీ తీసి చూసిన బాబాయ్ కళ్ళింత చేసుకుని, "ఎలా తీశావమ్మా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ డ్రైవరు అలా అడిగితే ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి గురుశిష్యులు తారుమారయ్యారు. ఎక్కడ వెనక్కి తియ్యాల్సొచ్చినా బాబాయ్ దిగిపోయేవాడు. కిటికీ దగ్గర నిలబడి ప్రశ్నలు వేసేవాడు.

"ఇప్పుడు ఎడమకి తిప్పితే వెనక భాగం కుడికి పోతుంది కదా?"

"కాదు బాబాయ్. ఎడమకి తిప్పితే ఎడమకే పోతుంది."

"ముక్కు?"

"ముక్కు కుడికి ఊగుతుంది."

"అయితే ముక్కుని ఎవరు చూసుకోవాలి?"

ముక్కుని చూసుకోవాలని అంతవరకూ ఆమెకి తట్టలేదు. చూసుకోవడం మొదలుపెట్టింది. ఇంకో రోజు బాబాయ్ మలుపు దగ్గర బుర్ర గోక్కుంటూ నిలబడితే, ఆమెకి విసుగొచ్చి, "కాలరు మూల ఎలా కుడతాం బాబాయ్? సూది గుడ్డలో దింపి, గుడ్డని దాని చుట్టూ తిప్పుతాం. ఆ వెనక చక్రమే సూది అనుకోండి. బండంతా దాని చుట్టూ తిరుగుతుంది" అని చెప్పింది. చెప్పాక తన మాట తనకే కొత్తగా వినిపించింది. ఆ మధ్యాహ్నం మూడు మలుపులు సూది దించినట్టు తీసింది. బాబాయ్ మాత్రం, "నాకు కుట్టుపని రాదు కదమ్మా, మళ్ళీ చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మర్నాడు మళ్ళీ చెప్పింది. ఇంటికెళ్ళి, "ఆయన బుర్రలోకి ఎక్కించడం నా వల్ల కాదమ్మా. పాపం, చాలా మంచివాడు" అని వాళ్ళమ్మతో వాపోయింది.

పరీక్ష ఇంకో పది రోజులుందనగా, ఒక కొండ మీది క్వారీకి ఖాళీ డ్రమ్ములు తీసుకెళ్ళారు. అక్కడ లారీ వెనక తలుపు జారి టైలరమ్మ కుడి మణికట్టు మీద పడింది. చెయ్యి వాచి సొరకాయలా అయింది. తిరుగు ప్రయాణంలో బాబాయే నడిపాడు. కొండదారి ఒక్క బండికే సరిపోతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. సగం దిగేసరికి ఎదురుగా మోత పెట్టుకుంటూ అంబులెన్సు వచ్చింది. క్వారీలో ఎవరికో కాలు విరిగిందట. పక్కకి తప్పుకునే చోటు అరకిలోమీటరు పైన, వెనక ఉండిపోయింది.

టైలరమ్మ తన చెయ్యి చూసుకుంది. బాబాయ్‌ని చూసింది. "చుట్టు తిరిగి రావడానికి ఇక్కడ పక్క ఊరు కూడా లేదు బాబాయ్" అంది ఏడుపు గొంతుతో.

బాబాయ్ నిట్టూర్చాడు. టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. అద్దంలోకి ఒక్కసారి చూసి రివర్స్ గేరు వేశాడు.

లారీ వెనక్కి కదిలింది. మలుపులో వంగింది, ఒదిగింది, మళ్ళీ మలుపు తిరిగింది. అరకిలోమీటరూ ఒంటిచేత్తో తీశాడు. రెండో చేత్తో చెవి గోక్కున్నాడు. వెనక చక్రానికీ లోయ అంచుకీ మధ్య జానెడు దూరం ఎక్కడా చెదరలేదు. వెడల్పు చోట లారీని కొండకి ఆనించి ఆపితే, మధ్యలో అగ్గిపెట్టె కూడా దూరదు. అంబులెన్సు దాటిపోయింది.

బాబాయ్ మళ్ళీ ముందు గేరు వేసి కొండ దిగసాగాడు.

"ముప్పై ఏళ్ళ నుంచి రాదన్నారు" అంది టైలరమ్మ చివరికి.

"డిపోలో చెప్పకమ్మా."

"ఎందుకు బాబాయ్ ఇదంతా?"

"మా గురువు పులి. ఆయనకి రాని విద్య లేదు. ఆయన పక్కన కూర్చుంటే బ్రేకు ఏ కాలికిందో కూడా మరిచిపోయేవాణ్ణి. అందుకని నా దగ్గరికొచ్చిన వాళ్ళకి నాకంటే బాగా వచ్చే పని ఒకటుండాలనుకున్నా. 'ఈ దద్దమ్మకంటే నేనే నయం' అనుకున్నవాళ్ళ చెయ్యి వణకదు."

"మరి టోపీ కోసం వీధంతా తిరగడం?"

"అబద్ధమాడితే నిలకడగా ఆడాలి కదా. పైగా నడక ఒంటికి మంచిది."

డిపోకి చేరేసరికి అంబులెన్సువాళ్ళు ఫోను చేసి ధన్యవాదాలు చెప్పారట. ఫోర్‌మన్ పుస్తకం తీసుకుని సిద్ధంగా ఉన్నాడు. డ్రైవర్లు టీ గ్లాసులతో చుట్టూ చేరారు. బాబాయ్ టైర్లు కడిగే చోట ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

"అరకిలోమీటరు ఎవరు వెనక్కి తీశారు?"

"నేనే" అంది టైలరమ్మ, వాచిన చేతిని వెనక దాచుకుంటూ.

ఫోర్‌మన్ ఆమె వెనక్కి వచ్చి ఆ చెయ్యి చూశాడు. మళ్ళీ ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఈ చేత్తోనా?"

"ఇంకో చేత్తో."

"అప్పుడు బాబాయ్ ఏం చేస్తున్నాడు?"

"టోపీతో మొహం కప్పుకున్నారు."

ఫోర్‌మన్ తల ఊపి, 'టైలరమ్మ తీసింది' అని నిదానంగా రాసుకున్నాడు. "నేను బాబాయ్ దగ్గర నేర్చుకునే రోజుల్లో బురదలో దిగబడ్డ బండిని వెనక్కి తీశాను. నాకప్పుడు నూట నాలుగు జ్వరం, వెనక సీట్లో పడుకుని ఉన్నాను. అయినా నేనే తీశాను. పుస్తకంలో అలాగే ఉంది" అన్నాడు తలెత్తకుండా.

పక్కనున్న పొడుగు డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నేనైతే కళ్ళజోడు పగిలిపోయిన రోజు తీశా."

"నేను టీకొట్లో ఉండగా తీశా" అన్నాడు ఇంకొకడు.

టైలరమ్మ ఆ పన్నెండు మొహాల వైపూ చూసింది. ముప్పై ఏళ్ళుగా బాబాయ్‌ని ఆటపట్టిస్తున్న మొహాలు. ఒక్కటీ నవ్వడం లేదు. అప్పటికి ఆమెకి అర్థమైంది, ఫోర్‌మన్ తనని ఎవరి చేతికి, ఎందుకు అప్పగించాడో.

పది రోజుల తర్వాత చెయ్యి నయమైంది. టైలరమ్మ దిండు సర్దుకుని, అద్దంలో చూసి, వెనక చక్రాన్ని సూదిలా దించి, లారీని ఏడో నంబరు అరుగుకి ఆనించింది. చెయ్యి వణకలేదు. ఫోర్‌మన్ తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. మర్నాటి లోడు బట్టల మూటలు. మూడు రోజుల దారి.

జనాన్ని తోసుకుంటూ బాబాయ్ వచ్చాడు. లారీకీ అరుగుకీ మధ్య వేలు పెట్టి కొలిచాడు. బుర్ర గోక్కున్నాడు.

"ఇదెలా చేశావమ్మా? ఎప్పటికైనా నాకూ వస్తుందంటావా?"

"కష్టం బాబాయ్" అంది టైలరమ్మ. "మీకు బొత్తిగా పట్టుబడదు."

పన్నెండు మంది డ్రైవర్లూ, ఫోర్‌మనూ ఒక్కసారిగా తమ తమ టీ గ్లాసుల్లోకి చాలా శ్రద్ధగా చూసుకున్నారు.