నాన్న చెప్పిన జవాబు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరి తరఫునా నాన్నే మాట్లాడేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఢిల్లీలో మునిర్కా దగ్గర ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాన్నమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. కూరగాయల బేరం దగ్గర్నుంచి ఒంట్లో నలత దాకా, ఆమె సంగతులన్నీ నాన్న నోటి మీదుగానే బయటికి వెళ్ళేవి. అందులో ఎవరికీ తప్పేమీ కనిపించలేదు.

ఆ ఏడు నాన్నమ్మ అంగిట్లో పుండు లేచింది. కారం తగిలితే కళ్ళనీళ్ళు కారేవి. పెరుగన్నం తప్ప ఏదీ మింగేది కాదు. ఒక డాక్టర్ వేడి టీ వల్ల అన్నారు. ఇంకొకాయన విటమిన్లు తక్కువన్నారు. మూడో ఆయన పూతమందు రాసిచ్చారు. పుండు మాత్రం ఎవరి మాటా వినలేదు, మనిషి సగమైపోయింది. ప్రతి డాక్టరూ నాన్ననే చూసి, "బీడీ, సిగరెట్, తంబాకూ?" అని అడిగేవారు. "కుచ్ నహీ జీ," అనేవారు నాన్న. అది అబద్ధమని ఆయనకి తెలియదు. ఢిల్లీ వచ్చేటప్పుడే చుట్ట మానేస్తానని నాన్నమ్మ మాటిచ్చింది. పైగా, ఆఫీసులో నలుగురిలో పేరున్న మనిషి, తన తల్లి ఒకప్పుడు చుట్ట తాగేదని చెప్పుకోవడానికి ఆయనకి నోరు రాలేదు.

మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేది. మా జిల్లా మనిషే, ఆసుపత్రిలో నర్సు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ నాన్నమ్మని పలకరించడానికి వచ్చింది. టార్చి వేసి నోట్లోకి చూసింది కానీ ఏమీ అడగలేదు. టీ తాగుతూ వాళ్ళ అమ్మమ్మ సంగతి ఎత్తింది. ఊడ్పుల్లో వాన పడుతుంటే చుట్ట ఆరిపోకుండా, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని తాగేదట. దాన్ని అడ్డపొగ అంటారని నేను అప్పుడే విన్నాను.

"నేనూ చిన్నప్పుడోసారి సరదాకి పెట్టుకున్నానండీ మామ్మగారూ, నాలిక కాలిపోయింది. అసలెలా పెడతారో!" అంది ఆంటీ.

నాన్నమ్మ ఇక ఆగలేకపోయింది. నా చేతిలో పెన్సిల్ లాక్కుని నోట్లో పెట్టుకుంది.

"అలాగ కాదే పిల్లా. నాలిక కిందకి నొక్కీయాల. అప్పుడు కాలదు."

"ఇప్పుడూ వస్తుందా మీకు?"

"ఎందుకు రాదు? మజ్జానం ఈలందరూ ఎల్లిపోయాక రోజూ తాగుతాను కదేటి!"

గుమ్మంలో నిలబడి వింటున్న నాన్న మొహం పాలిపోయింది. "అమ్మా, డాక్టర్లందరికీ లేదని చెప్పాను కదా!" అన్నారు.

"ఆలు నన్నడిగారేట్రా? నిన్నడిగారు, నువ్వు సెప్పావు," అంది నాన్నమ్మ.

ఆంటీ ఎవర్నీ తప్పు పట్టలేదు. అలా తాగేవాళ్ళకి అంగిట్లో కాన్సర్ రావచ్చనీ, పరీక్ష చేయిస్తే కానీ తేలదనీ, ముందు డాక్టర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పమనీ అంది. మర్నాడు నాన్న చెప్పారు. ఆ డాక్టర్ అడ్డపొగ అనే మాటే వినలేదట. విన్న వెంటనే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కాన్సరే. మెడలోకి ఇంకా పాకలేదు. ఆపరేషన్ చేసి అంగిట్లో కొంత తీసేసి, కట్టుడు పళ్ళలాంటి పలక ఒకటి అమర్చారు. ఈ వింత కేసుని చూడ్డానికి మెడికల్ స్టూడెంట్లు మంచం చుట్టూ మూగితే, నాన్నమ్మ పెళ్ళికూతురిలా ముడి సవరించుకునేది. చుట్ట మానేసి, కాస్త ముక్కుతో మాట్లాడుతూ, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆంటీ అంటే నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

ఇప్పుడు నాన్నకి వయసు పైబడింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను, డాక్టర్లు నన్నే చూసి అడుగుతారు. మొన్న కూడా, "నిద్ర బాగానే పడుతోందా?" అని ఒకాయన నన్నే అడిగారు. పడుతోందనే నా నమ్మకం. అయినా నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, "ఆయన్నే అడగండి," అన్నాను.

నాన్న నా వైపు ఒకసారి చూశారు. తర్వాత డాక్టర్ వైపు తిరిగి, "లేదండీ, చాలా రోజులుగా నిద్ర లేదు," అన్నారు.