పసిగుడ్డుకు పిండికట్లు

ఇప్పటికీ ఏ పసిపిల్ల ఏడుపు విన్నా నాకు ఒకాయన పాదం యాదికొస్తది.

మణుగూరు పోయే బస్సుల నా పక్కనే కూసున్నడు. ఒళ్లె నెలల పిల్లగాడు. కిటికీ గాలికి పిల్లగాని మీద కప్పిన తువ్వాల లేసింది. తొడల నుంచి వేళ్ల దాక రెండు కాళ్లకు పిండికట్లు!

"ఏంజేసిండ్రు తమ్మీ పసిగుడ్డును?" అని అరిచేసిన. "కాళ్ల మీద పండేసుకొని నీళ్లు పోసేటప్పుడు బొక్కలు ఇరిగేటట్టు గుంజుతరా?"

ముందు సీట్లోల్లు తిరిగి చూసిండ్రు. ఆయనకు కోపం రాలే.

"ఇరగలేదక్కా. పాదాలు లోపలికి తిరిగే పుట్టిండు. దవాఖానల వారం వారం కొంచెం సాపుజేసి కొత్త కట్టు కడుతున్రు. కట్టిన రోజు మస్తు ఏడుస్తడు. ఇంట్ల అందరు మాన్పియ్యమంటున్రు."

"గంత ఏడుస్తుంటే మాన్పియ్యరాదా? చిన్న పానం" అన్న నేను గూడ.

ఆయన లుంగీ అంచు పైకి లేపిండు. చెప్పు లేని ఎడమ పాదం లోపలికి మడతపడి ఉన్నది. నేలకు ఆనే అంచు కాయగట్టి గట్టిగైంది.

"మా అమ్మ గూడ రోజూ నూనె రాసి సాపుజేసేదట అక్కా" అన్నడు, పిల్లగాని మీద తువ్వాల మళ్లా కప్పుకుంట. "నేను ఏడుస్తుంటే చూడలేక ఆపేసింది."