పేరెత్తితే వింటాయి

అర్ధవీడులో స్నేహితుడి ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే చూస్తే, కొక్కేనికి తగిలించిన నా కొత్త చొక్కాను ఎలుకలు కొరికి పీలికలు చేశాయి. ఒళ్లు మండిపోయి, "ఇవాళే ఎలుకల మందు తెచ్చి పెడతాను, ఒక్కటి మిగలదు!" అని అరిచాను.

స్నేహితుడి తల్లి వంటింట్లోంచి పరుగున వచ్చి నా మీద విరుచుకుపడింది. "నోరు మూయి నాయనా! అట్ల పేరెత్తి చెప్తే వింటాయి. ఇంక మందు ముట్టవు."

"వాటికి తెలుగు కూడా వచ్చా పెద్దమ్మా?" అన్నాను కోపంగా.

"నీది చొక్కానే. నేను విత్తనానికి దాచుకున్న శనగలు సగం మూట తినేసినాయి. నేనేమన్నా తిట్టినానా? పళ్లు కొరుక్కోని ఊరుకున్నా."

ఆ సాయంత్రం ఆమె బెల్లం కలిపిన పిండిలో మందు వేసి, ఉండలు చేసి మూలల్లో పెట్టింది. అటక వైపు చూస్తూ, "ఇవి చుట్టాలకు చేసినాను, ఎవరూ ముట్టబాకండి" అని గట్టిగా చెప్పింది.

తెల్లారి చూస్తే ఒక్క ఉండ కూడా కదల్లేదు. ఆమె అటక వైపు చూడలేదు. నన్ను కాల్చేసేలా చూసింది.

గిద్దలూరు బస్టాండులో నా భార్యకు ఫోన్ చేసి, కొత్త చొక్కా కొరికేశాయని మండిపడ్డాను.

"ఏవి?" అంది.

చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అవే" అన్నాను.