గుట్ట ఎక్కొద్దు, సముద్రం ముట్టొద్దు

మా ఆయనకు కల్వకుర్తిలో విత్తనాలు, ఎరువుల దుకాణం. ఆ ఏడు పత్తి విత్తనాలు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు మమ్మల్నిద్దరినీ గ్రీసు దేశంలో ఒక దీవికి తీసుకుపోతామన్నారు. మా దగ్గర ఇది పెద్ద వింతేమీ కాదు. ఎరువుల దుకాణాల వాళ్లు బ్యాంకాక్ పోయొస్తారు, దుబాయ్ పోయొస్తారు, వచ్చి నెల్లాళ్లు అవే ముచ్చట్లు చెబుతారు. దీవికి పోవడం మాత్రం మాతోనే మొదలు. పొద్దున గుట్టలు ఎక్కడం, మధ్యాహ్నం సముద్రపు ఒడ్డున పడుకోవడం, వారం దాకా అదే పని అని కంపెనీ మనిషి చెప్పి పోయాడు.

మా ఆయన అప్పటిదాకా సముద్రం చూసి ఎరగడు. కొల్లాపూర్ దగ్గర కృష్ణను చూసి అంతకన్నా పెద్ద నీళ్లు ఎట్లుంటాయో అనుకునే మనిషి. ఆ కబురు విన్నప్పటి నుంచి ఆయన కాలు నేల మీద నిలవలేదు. హైదరాబాద్ పోయి, నీళ్లలో దిగడానికని పూల నిక్కరు ఒకటి కొనుక్కొచ్చి, తొడుక్కుని నాకు చూపించాడు. సన్నటి కాళ్లు, పెద్ద పెద్ద ఎర్ర పూలు. నేను నవ్వలేక మంచం మీద కూలబడ్డాను. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి, "గిదేం అవతారం రా" అని తనూ నవ్వింది. మా ఇంట్లో ముగ్గురం కలిసి అట్లా నవ్విన రోజులు ఎక్కువ లేవు.

బయలుదేరడానికి కొద్ది రోజుల ముందు నాకు నెల తప్పిందని తెలిసింది.

అప్పటికి పెళ్లై ఏడేళ్లు. రెండుసార్లు కడుపు వచ్చింది, రెండుసార్లూ మూడో నెల దాటలేదు. బిడ్డ కావాలని నాకు ఎంత ఉండేదో చెప్పడానికి సిగ్గుపడను. నేను ఊళ్లోనే ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెప్పేదాన్ని. ఎవరి పిల్లకో ముక్కు తుడుస్తూ తుడుస్తూ నాకే ఏడుపు వచ్చేది.

అత్తగారింట్లో ఒక పట్టింపు ఉంది. మా పుట్టిల్లు కట్టంగూరు వైపు కూడా ఉన్నదే గానీ మావాళ్లు నోటితో అని వదిలేస్తారు, వీళ్లు నిజంగా పాటిస్తారు. భార్య కడుపుతో ఉంటే భర్త గుట్ట ఎక్కొద్దు, సముద్రం ముట్టొద్దు, పాడె మోయొద్దు, గుండు చేయించుకోవద్దు. రెండుసార్లూ మా ఆయన పొల్లు పోకుండా పాటించాడు. చిన్ననాటి దోస్తు తండ్రి చనిపోతే పాడె పట్టకుండా వెనకాల నడిచాడు. ఆ దోస్తు చాలా రోజులు మాట్లాడలేదు. గుట్ట మీదని శ్రీశైలం కూడా పోలేదు.

ఆయన వైపు ఏ లోపమూ లేనప్పుడు ఇక మిగిలింది ఎవరు? నేనే. మొదటిసారి బస్సెక్కి అమ్మగారింటికి పోయొచ్చానని నా తప్పు. రెండోసారి బడి మానలేదని నా తప్పు. అత్తమ్మ తిట్టే మనిషి కాదు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ మెల్లగా చెప్పేది: "నా కొడుకు అన్ని పట్టింపులు పట్టిండు. ఆమెనే జర నిలకడగ ఉండది." ఎంత మెల్లగానంటే, వంటింట్లో ఉన్న నాకు సరిగ్గా వినపడేంత మెల్లగా.

అందుకే ఈసారి ఎవరికీ చెప్పలేదు. హైదరాబాద్‌లో నన్ను చూసే డాక్టరమ్మకు మాత్రం ఫోన్ చేశాను. రోజూ ఎట్లా ఉంటారో అట్లాగే ఉండండి, నడవండి, తినండి, పోయి రండి అన్నది. ఇంట్లో చెబితే ప్రయాణం ఆగిపోతుంది. ఆగితే ఆగనీ, దాని గురించి నాకు బాధ లేదు. కానీ ఇంటి నిండా చుట్టాలు, తాయెత్తులు, మళ్లీ నా నడక మీద అందరి కళ్లు. కొన్ని వారాలైనా నాది నా దగ్గరే ఉండనీ అనుకున్నాను.

దీవిలో దిగిన సాయంత్రం ఆయనకు చెప్పాను. హోటల్ గది కిందనే సముద్రం. ఆయన అప్పటికే నిక్కరు పెట్టెలోంచి తీసి కుర్చీ మీద పరిచి పెట్టుకున్నాడు. నా మాట విని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కిటికీలోంచి సముద్రాన్ని చూశాడు. తర్వాత నిక్కరు మడిచి పెట్టెలో పెట్టేశాడు.

"గదెందుకు లోపల పెడుతున్నవ్?" అన్నాను.

"గిప్పుడు నేను ముట్టద్దు గద."

"ఏం గాదన్నది డాక్టరమ్మ."

"నీకు ఏం గాదన్నది. నా గురించి నువ్వు అడగలే గద."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. డిగ్రీ చదివిన మనిషి. ఏ పురుగుకు ఏ మందు, ఎన్ని నీళ్లలో కలపాలో ఊరందరికీ చెప్పే మనిషి.

"గివన్ని నమ్ముతవా నువ్వు?"

"నమ్మ," అన్నాడు. "కని ముట్టినంక ఏమన్న అయితె, బతికినన్ని దినాలు గదే యాదికొస్తది."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చినా మా వెంట అత్తమ్మ కూడా వచ్చి గదిలో ఒక మంచం వేసుకున్నట్టనిపించింది.

మర్నాడు పొద్దున అందరినీ గుట్ట దగ్గరికి తీసుకుపోయారు. అన్నీ జంటలే. మగవాళ్ల నెత్తిన కంపెనీ టోపీలు, ఆడవాళ్ల చేతుల్లో పులిహోర పొట్లాలు. మా ఆయన మోకాలు నొస్తున్నదని అందరికీ చెప్పి, కింద రాతి గోడ మీద కూర్చున్నాడు. నాతో మాత్రం మెల్లగా, "నువ్వు పో. నిన్ను వద్దన్నోళ్లు ఎవరు లేరు. నిదానంగ ఎక్కు," అన్నాడు. నేను ఎక్కాను. కోపంతో కొంత, చూడాలన్న ఆశతో కొంత.

ఎక్కుతుంటే మా నల్లగొండ గుట్టలే అనిపించింది. అవే బండలు, ముళ్ల పొదలు, మేకలు. కాలి కింద ఏదో చిన్న ఆకు నలిగితే వాము వాసన వచ్చేది. పైన సున్నం వేసిన బుల్లి గుడి, దానికో గంట. లోపల ఇసుక పళ్లెంలో సన్నటి కొవ్వొత్తులు గుచ్చి ఉన్నాయి. నేనూ ఒకటి వెలిగించాను. ఆ దేవుడెవరో, ఆయనకు ఎట్లా మొక్కాలో నాకు తెలియదు. దీన్నైనా ఉండనియ్యి అని తెలుగులోనే అడిగాను. బయటకొస్తే, మా పక్క దుకాణం ఆయన భార్య గంట కింద నన్ను నిలబెట్టి ఫొటో తీసింది. అక్కడి నుంచి చూస్తే, దూరంగా కింద గోడ మీద మా ఆయన నీలం టోపీ కనపడింది.

మధ్యాహ్నం సముద్రం. మగవాళ్లంతా చిన్నపిల్లల్లా నీళ్లలో పడి కేకలు. మా ఆయన బూట్లు, సాక్సులు వేసుకునే గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. "నీళ్లంటె గింత భయమేందన్నా" అని ఒకాయన తడి చేతులతో మీదికొస్తే లేచి పరుగెత్తాడు. ఒడ్డున ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. ఒక అల కొంచెం పైదాకా వస్తే రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. అట్లా కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఎన్నాళ్ల నుంచో చూడాలనుకున్న సముద్రాన్ని చూశాడు.

నేను నడుము దాకా దిగాను. పక్క దుకాణం ఆమె మళ్లీ ఫొటో తీసింది. తిరిగి వచ్చి తల తుడుచుకుంటుంటే ఆయన అడిగాడు, "ఎట్లుంది?"

"సల్లగుంది," అన్నాను. కోపం ఇంకా దిగలేదు. ఇంకేమైనా చెబుతానేమోనని ఆయన కాసేపు చూశాడు. నేను తువ్వాలు ఆరేయడానికి పోయాను.

సాయంత్రాలు మాత్రం బాగుండేవి. ఒడ్డుకు పైనున్న రోడ్డు మీద ఇద్దరమే మెల్లగా నడిచేవాళ్లం. దుకాణం వెనక గది ఖాళీ చేయించి ఊయల కట్టిద్దామన్నాడు. మందుల వాసన వస్తుంది వద్దన్నాను. అయితే మందులన్నీ వేరే జాగాకు మారుస్తానన్నాడు. దానికి కిరాయి గది ఎక్కడ చూడాలో కూడా చెప్పాడు.

తిరుగు ప్రయాణం రేపనగా పొద్దున రక్తం కనపడింది.

ఆ దీవిలో చిన్న దవాఖాన ఉంది. డాక్టరు నడివయసు మనిషి, ఆడమనిషి. ఆమెకు మా మాట రాదు, మాకు ఆమె మాట రాదు. పొట్ట మీద యంత్రం ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత తెరను నాకు కనపడకుండా తన వైపు తిప్పుకుని నా చెయ్యి పట్టుకుంది. నాకు అది మూడోసారి. ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. బయట బెంచీ మీద టోపీ చేతిలో పట్టుకుని మా ఆయన కూర్చుని ఉన్నాడు. నా మొహం చూసి లేచొచ్చి నా చేతిలో సంచీ అందుకున్నాడు.

తోటివాళ్లకు కడుపులో బాగాలేదని చెప్పాం. విమానంలో వాళ్లంతా ఫొటోలు చూసుకుంటూ నవ్వుతుంటే నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. హైదరాబాద్‌లో దిగి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాం. నడిచినందుకు కాదు, నీళ్లలో దిగినందుకు కాదు, పిండం మొదటి నుంచే సరిగ్గా కట్టుకోలేదు అని ఆమె ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మా ఆయన శ్రద్ధగా విని తలూపాడు.

కల్వకుర్తిలో మేము పోయేసరికే అత్తమ్మకు అన్నీ తెలుసు. కడుపు వచ్చి పోయిన సంగతి మా ఆయనే ఫోన్‌లో చెప్పాడు. ఫొటోలు పక్క దుకాణం ఆమె వచ్చి చూపించిపోయింది. నన్ను పడుకోబెట్టిన మంచం పక్కన అత్తమ్మ, ఆమె అక్క కూర్చున్నారు. అత్తమ్మ నా తల నిమిరింది. గొంతు అదే మెల్లటి గొంతు.

"గుట్ట ఎక్కినవట గద బిడ్డా. నడుముల దాక నీళ్లల్ల ఉన్నవు, ఫొటోల చూసిన."

డాక్టరమ్మ మాట చెబుదామని నోరు తెరిచాను. అప్పుడే మా ఆయన మాత్రలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఆమెదేం లేదమ్మా," అన్నాడు. "నేను ఎక్కిన."

"నువ్వేడున్నవ్‌ రా? ఒక్క ఫొటోల గూడ లేవు."

"ఎవ్వరు లేవకముందు పోయిన. ఫొటోలెవరు తీస్తరు?"

అత్తమ్మ చెయ్యి నా తల మీద ఆగిపోయింది.

"దిగిన దినమే చెప్పింది నాకు, కడుపుతోటున్న అని. నేనే ఇనలే. గుట్ట ఎక్కిన. సముద్రంల మునిగిన. దినాం మునిగిన," అన్నాడు. అబద్ధం ఆడడం చేతకాని మనిషి, ఒక్కచోట కూడా తడబడలేదు.

అత్తమ్మ కొడుకును చూసింది. ఆమెకు ఒక్కడే కొడుకు. "గింత సదివి," అని మాత్రం అని లేచిపోయింది. ఆ సాయంత్రం నా తలకు నూనె రాస్తూ, "నీ తప్పేం లేదు బిడ్డా. కట్టుకున్నోడే గట్ల జేస్తె నువ్వేం జేస్తవ్," అన్నది. ఏడేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట వినడం అదే మొదలు. అది అబద్ధం మీద నిలబడ్డ మాట అని తెలిసి కూడా ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. నాకు అది అంత కావాల్సి ఉండింది.

ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన్ను అడిగాను. "డాక్టరమ్మ చెప్పింది చెప్తె అయిపోతుండె గద."

"ఇంటరా వాళ్లు?" అన్నాడు. "ఈసారి గూడ నీ మీదనే పడుతుండె. నేనైతె కొడుకును. ఎన్ని దినాలు కోపముంటది?"

అక్కడే ఆయన లెక్క తప్పింది. అంతకుముందు రోజూ మధ్యాహ్నం అత్తమ్మ దుకాణానికి ఫోన్ చేసి "తిన్నవా" అని అడిగేది. ఆ ఫోన్ ఆగిపోయింది. అన్నం పెడుతుంది, బట్టలు మడతపెడుతుంది, తిన్నవా అని మాత్రం అడగదు. మాకు మళ్లీ కడుపు పండలేదు. దానికి కూడా ఆ సముద్రమే కారణమని ఆమె నమ్మకం.

నా కోపం తర్వాత్తర్వాత పెరిగింది. ఆయన నన్ను కాపాడాడు, నిజమే. కానీ ఆ పట్టింపును కూడా ఆయనే నిలబెట్టాడు. అంతకుముందు అది ఒక మాట. ఇప్పుడు దానికి సాక్ష్యం ఉంది, వేలు పెట్టి చూపించడానికి మనిషి ఉన్నాడు. చుట్టాల్లో ఎవరి కోడలు నీళ్లోసుకున్నా అత్తమ్మ పోయి, "మా వాడు సముద్రంల మునిగిండు, ఏమైందో చూడుండ్రి," అని చెప్పొస్తుంది. పక్కనే ఉంటే ఆయన తల వంచుకుంటాడు. నిజం చెబుతానని చాలాసార్లు అన్నాను. చెప్పి ఇంకెవరి మీద వేద్దాం అంటాడు.

మొన్న ఎండాకాలంలో ఆయన చిన్నమ్మ కొడుకు వచ్చాడు. కొత్తగా పెళ్లైనవాడు, భార్యకు నాలుగో నెల. దోస్తులంతా గోవా పోతున్నారు, తనూ పోతానంటే ఇంట్లో గొడవ. అత్తమ్మ వాణ్ని మా ఆయన ముందర కూర్చోబెట్టి, "గీ అన్ననడుగు," అన్నది. నేను చాయ్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఈయన సముద్రం ముట్టనే లేదని ఒక్క మాట అంటే చాలు. ఆయన నా మొహం చూశాడు. నేను అనలేదు.

"నిజమేనా అన్నా?" అని ఆ పిల్లవాడు అడిగాడు.

"పోకు తమ్మీ," అన్నాడు మా ఆయన.

"తెలిసి తెలిసి ఎట్ల దిగినవన్నా? గంత మంచిగుంటదా సముద్రం?"

ఆయన లేచొచ్చి నా చేతిలోంచి చాయ్ అందుకున్నాడు.

"సల్లగుంటది," అన్నాడు.